తొడిమె తీసినంక

రాజీనామా కాయితం జేబుల పెట్టుకొని
పొద్దుపొద్దున్నే మిర్చి యార్డుకు వచ్చినవంటే
నా నోటితోని సరే అనిపిచ్చుకుందామనే గద, మారుతీ.
కూసో. ఆ బస్తా మీద కాదు,
ఘాటు పట్టిందంటే రాత్రి దాక కూసోలేవు.

మూడు నెలల్ల రెండు లక్షల పదివేలు.
రాత్రిళ్లు ఫోన్ల, నెలకోసారి గోవాల,
పోకరాడి గెలిచిన్నంటున్నవు.
అబద్ధమంటలేను.
కాని ధర్మాబాద్ అడతి దుకాణంల
ఇరవై రెండేండ్లు చిట్టా రాసిన అక్కను నేను.
బస్తా ఎవరిదైనా ముందుగాల
తొడిమెతోనే తూగుతది.

తీద్దాం రా తొడిమెలు.

గోవా దాక రైలు, లాడ్జి కిరాయి,
ఆట ఆటకు బల్లవాడు గిల్లుకునే కమీషను,
ముక్కలు పంచే పిల్లకు బక్షీసు,
సర్కారు పన్ను,
గెలిచిన రాత్రి దోస్తులకు తాపిన బిల్లు.
ఓడిన రాత్రి వాళ్లు నీకు తాపిన్రా?
ఓడిన రాత్రులెన్ని?
"ఒకట్రెండు."
ఒకట్రెండు అంకె కాదురా తమ్మీ,
ఆ మాట మీద ఈ దుకాణంల ఏ పద్దూ మూయలేదు.

మిగిలింది అరవై వేలు.
ఆరు వందల గంటల నిద్ర చెడగొట్టుకున్నవు.
గంటకు నూరు.
జిన్నింగు మిల్లు కాంటా మీద నీకొచ్చేదానికంటె
ఇది ఎక్కువే, ఒప్పుకుంట. లెక్క లెక్కే.
కాని మూడు నెలలంటే మొదటి కోత.
మొదటి కోత ఎవని చేన్లనైనా ఎర్రగనే ఉంటది.
మూడో కోతల తాలు ఎంతొస్తదో చూసినంకనే
మా సేటు రైతుకు అప్పిస్తడు.

అప్పంటే యాదికొచ్చింది,
బ్యాంకు ఫారం మీద వృత్తి అని ఉన్న కాడ ఏం రాస్తవు?
రేపు కాలు ఇరిగితే దవఖాన ఖర్చు
మిల్లువాడు ఇయ్యడిగ.
సునందకు తెలుగుల చెప్పినవా, మరాఠీల చెప్పినవా,
అసలు చెప్పినవా?

విత్తులు ఉడకేసుకొని తిన్నోడు విత్తేదేంది?
ఏడాది తిండి పైసలు సునంద పేరు మీద వెయ్యి,
నీ చెయ్యి అందనంత దూరం.
మిగిలిందే ఆటకు.
ఏం మిగలకపోతే అదే జవాబు.

మా ముసలి సేటును చూసినవు గద,
రుమాలు కింద వేళ్లు పట్టి బేరం చేస్తుంటె
మొహం మీద ఈగ వాలినా నరం కదలది.
ఆయన గొప్ప అది కాదు.
పొద్దుగాల మొదటి కుప్పల నష్టమొచ్చిననాడు
రెండో కుప్పకు చెయ్యి చాపడు,
స్టేషన్ దాక నడిచిపోయి చాయ్ తాగొస్తడు.
లేచిపోయే కాళ్లు నీకున్నయా?
నీకైతే చిన్నప్పటిసంది
అబద్ధమాడితే చెవులు ఎర్రబడుతయి.
ఒకట్రెండు అన్నప్పుడు పడ్డయి.

పత్తాలాడి పత్తా లేకుండ పోయినోళ్లు
ఈ ఊర్లనే ఇద్దరున్నరు.
ఇద్దరికీ లెక్కలు నీకంటె బాగొచ్చు.

నేను వద్దంటలేను.
ఇగో, ఎర్రగుడ్డ అట్ట బహీ, కొత్తది,
సేటును అడిగే తెచ్చిన.
కొలువు చేసుకుంటనే శని ఆదివారాలు ఆడు,
దివాలి దాక రాయి.
గెలిచినయి ఏ సిరతోనో ఓడినయి అదే సిరతోని.
దివాలినాడు ఇద్దరం కూసొని తొడిమె తీద్దాం.
అప్పటిదాక ఆ కాయితం ఇటియ్యి,
చింపను, తూకంరాయి కింద ఉంటది.

ఏందిరా, ఆగు.
చేతులు కడుక్కోకుండ
కండ్లు తుడుచుకోకు.